మా అమ్మల సోమవారం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాం. నీళ్ల సాంబారు, ట్రంకు పెట్టెలు, చలికాలం తెల్లవారుజామున బోరింగు దగ్గర స్నానాల వరుస. ఇవన్నీ పాత సంచికల్లో మనవాళ్లు మాకన్నా బాగా రాశారు. మాకు బాగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. పత్తి దుమ్ము. దాని గురించే రాస్తున్నాం.

మేం ముగ్గురం ఒకే బ్యాచి. ముగ్గురి అమ్మలూ ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల్లో సీజన్ కూలీలు. ఇప్పుడు మాలో ఒకరు మిల్లులకు దుమ్ము పీల్చే గొట్టాలు బిగించే ఫిట్టరు, ఒకరు ఆరోగ్య శాఖలో చిన్న ఉద్యోగి, ఒకరు సైన్సు పంతులు. ఈ వ్యాసంలో కొంత ఇనుపరేకు వాసన, కొంత మందుల వాసన, కొంత సుద్దముక్క వాసన వస్తే సర్దుకోండి.

పత్తి ఏరిన చేతులే మన ఇళ్లలో ఎక్కువ. కానీ ఏరిన పత్తి మిల్లులో ఏమవుతుందో అందరూ చూసి ఉండరు. బండిమీద వచ్చిన పత్తి బరువులో దూది సుమారు మూడో వంతే. మిగతాది దాదాపు అంతా గింజ. వాటితోపాటు ఎండాకు నలుసులు, కాయ తొక్కలు, మట్టి వస్తాయి. జిన్ను మెషిన్లో తిరిగే రోలర్లు దూదిని పట్టి లాగుతుంటే, పైకీ కిందికీ ఆడే కత్తి గింజను విడగొడుతుంది. ఆ లాగుడులో, ఆ కొట్టుడులో నుసి లేస్తుంది. పత్తి కుప్ప పోసేచోట, గింజ రాలేచోట, దూదిని ప్రెస్సులోకి తోసేచోట కూడా లేస్తుంది. చివరికి 170 కిలోల బేలు తెల్లగా, నున్నగా బయటికి వస్తుంది. నుసి మాత్రం లోపలే ఉంటుంది.

జుట్టుమీద, కనురెప్పలమీద కనిపించే దూదిపింజలతో పెద్ద ప్రమాదం లేదు. అవి ముక్కులో ఆగి తుమ్ముతో పోతాయి. కంటికి ఆనని సన్నటి నుసే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పత్తితో వచ్చిన ఆకు నలుసుల మీద పెరిగిన బాక్టీరియా విషం దాంట్లో ఉంటుంది. ఛాతీ బిగుసుకోవడానికి ముఖ్య కారణం అదేనంటారు వైద్యులు.

ఇక ఆదివారం సంగతి. ఆదివారం మార్కెట్ యార్డుకు సెలవు, మా అమ్మల మిల్లులకూ సెలవే. హాస్టల్‌కు తల్లిదండ్రులు వచ్చేదీ ఆ రోజే. రొట్టెలు, పచ్చడి మూటగట్టుకుని వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని నవ్వుతూ మాట్లాడేవాళ్లు. దగ్గు కూడా తక్కువే. అలా ఏళ్ల తరబడి మేం చూసింది ఆదివారం అమ్మనే. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు సోమవారం అమ్మ కనిపించింది. పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని, "ఛాతిమీద రోకలిబండ పెట్టినట్టున్నది బిడ్డా" అనేది. మంగళవారానికి కొంత తేలిక. మళ్లీ ఆదివారం సెలవు, మళ్లీ సోమవారం అదే బరువు.

ఇది మా ఇళ్ల వింత కాదని చాలా తర్వాత తెలిసింది. దీని పేరు బిస్సినోసిస్. నూలు మిల్లుల కార్మికులు దీన్నే సోమవారం జబ్బు అనేవాళ్లు. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో 1950లలో పరిశోధన చేసిన రిచర్డ్ షిల్లింగ్ అనే డాక్టరు ఈ జబ్బును మెట్లుగా విడగొట్టాడు. సెలవు తర్వాత మొదటి రోజు మాత్రమే ఛాతీ పట్టేస్తే ఒక మెట్టు. మిగతా రోజుల్లోనూ పడితే పై మెట్టు. ఆ పైన ఊపిరి ఇక మామూలుకు రాదు. అంటే డాక్టరు ముందు అడగాల్సిన ప్రశ్న "ఎన్నాళ్ల నుంచి?" అని కాదు, "ఏ రోజు ఎక్కువ?" అని. మా అమ్మలను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దగ్గు మందు సీసా ఇచ్చి పంపేవాళ్లు.

చట్టం సంగతి వింటే మీకూ మాలాగే మండుతుంది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం వృత్తి జబ్బుల పట్టికలో పత్తి దుమ్ము జబ్బు ఉండేది. కానీ అదే చట్టం సీజన్ ఫ్యాక్టరీలకు వర్తించేది కాదు. సీజన్ ఫ్యాక్టరీలు ఏవో చెబుతూ రాసిన వరుసలో పత్తి జిన్నింగు ఉండేది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ మినహాయింపు అలాగే కొనసాగింది. జబ్బుకు పట్టికలో చోటుంది, మా అమ్మల చేతికి మాత్రం కార్డు రాలేదు. అమెరికాలో 1978లో పత్తి దుమ్ముకు హద్దులు పెట్టినప్పుడు కూడా జిన్నింగును బయటే ఉంచారు.

అందుకే దుమ్మును గాలిలోకి లేవకముందే పట్టాలి. ఇక్కడ సైన్సు పంతులు చెప్పేది కొంచెం వినండి. చెయ్యి చాచినంత దూరంలో కొవ్వొత్తి పెట్టి ఊదండి, ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలి పీల్చండి, మంట కదలదు. ఊదిన గాలి గొట్టం వెడల్పుకు ముప్ఫై రెట్ల దూరం పోయినా దాని వేగంలో పదో వంతు మిగులుతుంది. పీల్చే గాలి బలం గొట్టం వెడల్పంత దూరంలోనే పదో వంతుకు పడిపోతుంది. గోడమీద ఎత్తున ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతున్నా కింద నుసి అలాగే ఉండేది ఇందుకే. పైగా ఆ ఫ్యాను దాకా పోయే నుసి మనిషి ముక్కు ముందునుంచే పోతుంది. సాయంత్రం కంప్రెసర్ పైపుతో మెషిన్లు ఊది శుభ్రం చేయడం ఇంకా అన్యాయం. పడుకున్న నుసిని లేపి మళ్లీ మనిషికి తినిపించడమే. దాన్ని గొట్టంతో పీల్చి తీయాలి.

1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగానే రాశారు. పీల్చే యంత్రం దుమ్ము పుట్టేచోటికి వీలైనంత దగ్గరగా ఉండాలి, ఆ చోటును వీలైనంత మూసి ఉంచాలి. మా ఫిట్టరు పనంతా ఈ ఒక్క వాక్యమే. రేకుతో గరాటులాంటి మూత చేసి నుసి లేచేచోట పెట్టడం, దాన్నుంచి గొట్టం, గొట్టం చివర బ్లోయరు, ఆ తర్వాత దుమ్మును సుడి తిప్పి కిందికి దించే సైక్లోను, దాని వెనక బట్ట సంచుల ఫిల్టరు. గొట్టంలో గాలి వేగం తగ్గితే నుసి మధ్యలోనే పేరుకుంటుంది. ఒకే బ్లోయరుకు తర్వాత తర్వాత అదనపు గొట్టాలు తగిలిస్తూ పోతే అన్నీ నీరసపడతాయి. సంచులు దులపకపోతే అసలుకే మోసం.

2000లో మొదలైన కాటన్ టెక్నాలజీ మిషన్‌తో చాలా మిల్లులు మారాయి. పత్తిని గంపలతో మోసే బదులు గొట్టాల్లో గాలితో లాగడం వచ్చింది. కానీ ఆ గాలి ముందుగా వచ్చింది దూదిలో చెత్త తగ్గించడానికి. మనుషుల ఊపిరి ఎవరి లెక్కలోకీ రాలేదని మా అభిప్రాయం. యజమానితో ఊపిరి మాట ఎత్తితే కరెంటు బిల్లు చూపిస్తాడు. దూలాలమీద పేరుకున్న నుసి ఒక్క రాయి రవ్వకు ఎలా అంటుకుంటుందో చెబితే కుర్చీలోంచి లేస్తాడు. మేం ఇప్పుడు అగ్గి మాటే ముందు చెబుతున్నాం.

పోయిన సీజన్‌లో ఒక మిల్లులో గింజ రాలేచోట మూత బిగిస్తుంటే, ఊడ్చే అవ్వ వచ్చి నిలబడింది. డ్రాయింగులో ఆ మూత ఆమె నెత్తిమీద ఉంది. "గది పైకెందుకు కొడుకా? నుసి నా మొఖం మీదికెళ్లే పోతది గద! కిందికి దించు" అంది. కిందికి దించి, పక్కకు తిప్పి పెట్టాం. డ్రాయింగు గీసిన ఇంజనీరు కూడా వచ్చి చూసి, సరేనన్నాడు.

ఇంకొక చోటు మిగిలి ఉంది. సైక్లోను కింద నిండిన సంచిని విప్పి, బయట గోతిలో పోసేది కూడా ఆ అవ్వే. కొంగు ముక్కుకు కట్టుకుని, మూతి విప్పి గుమ్మరించేది. ఇప్పుడు సంచి మూతి కట్టాకే తీయాలని, గోతి దగ్గర నీళ్లు చల్లి పోయాలని చెప్పి వచ్చాం. బిగుతు మాస్కు, నీళ్ల పైపు అడిగాం. పైపు వచ్చింది. మాస్కు వచ్చే సీజన్‌కు ఇస్తామన్నారు.