చెన్నపట్నపు వానలూ, పరుగు కారు ఊపిరీ

చెన్నపట్నానికి నీరు రెండు విధాలుగా వస్తుంది. ఆకాశం నుంచి వచ్చేది ఒకటి, పల్లపు వీథులలో నేలమీదుగా వచ్చేది రెండవది. మొదటిదానికి గొడుగు ఉన్నది. రెండవదానికి మెరక వెతుక్కోవడం తప్ప మరో ఉపాయం లేదు. ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊళ్లో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. ఊరు చూడబోతే బల్లపరుపు. ఇటువంటి చోట కారు పెట్టుకున్నవారు ఇంజను బలం ఒక్కటే తెలుసుకుంటే చాలదు. అది గాలిని ఎక్కడనుంచి పీలుస్తున్నదో కూడా తెలుసుకోవాలి.

ఈ సంగతి మాకు పట్టడానికి కారణం మా మేనల్లుడు. వేళచ్చేరిలో కాపురం. ఎన్నాళ్ళో కూడబెట్టి, వాయిదాల మీద ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొన్నది వేగం మీది సరదాతోనే అయినా, ఇంట్లో ఉన్న కారు అదొక్కటే. మా అక్కగారిని వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోయేది అందులోనే. ఆ కారుకు కంపెనీవారు ఇచ్చిన గాలిపెట్టె తీసివేసి, బజారులో దొరికే శంకువు ఆకారపు ఫిల్టరు పెట్టించుకున్నాడు. వానలు రాకముందే దానికి రక్షణ ఏదైనా చేయించాలని సెప్టెంబరులో ఒక శనివారం బయలుదేరితే, మేమూ కూడా వెళ్ళాము.

మొదట అన్నాశాలై నుంచి రాయపేట వైపు పోయే జనరల్ ప్యాటర్స్ రోడ్డు. కారుకు కావలసిన సమస్త అలంకారాలూ దొరికే వీథి అది. అక్కడ ఒక షెడ్డులో నెల్లూరు వైపు మేస్త్రి బానెట్టు ఎత్తి మాకు పాఠం చెప్పాడు. కంపెనీ ఫిల్టరు సాధారణంగా మూతపెట్టెలో ఉంటుంది. దాని గొట్టం మూతి దీపాల ఎత్తున, ఎక్కువ నీరు పడని చోట ఉంటుంది. బజారు ఫిల్టరు నూనె పట్టించిన నూలు జాలీ. గాలి ధారాళంగా ఆడుతుంది, ఇంజను బుస్సుమని మంచి చప్పుడు చేస్తుంది. అయితే దానికి పెట్టె ఉండదు. పైగా చల్లని గాలికోసమని కొందరు దానిని ముందు బంపరు వెనుక, నేలకు జానెడు రెండు జానల ఎత్తున పెడతారు. ఎదురుగా సిటీ బస్సు వచ్చి ఒక అల కొట్టిందంటే ఆ ఎత్తు ఏ మూలకు?

"తడిస్తే ఏమవుతుందయ్యా?" అని అడిగాము.

"తడిస్తే ఫరవాలేదండీ, మునిగితేనే ప్రమాదం" అన్నాడు.

లెక్క ఇది. రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే, దగ్గర దగ్గర 3000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఫిల్టరు నీళ్ళలో ఉంటే అదే బలంతో నీటిని పీలుస్తుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. అటువంటి నాలుగు సిలిండర్ల ఇంజనులో, పిస్టను పైకి వచ్చినప్పుడు ఒక్కొక్క సిలిండరులో మిగిలే చోటు ఇంచుమించు 55 మిల్లీలీటర్లు. మన కాఫీ గ్లాసులో సగమనుకోండి. అంతకు మించి నీరు చేరితే పిస్టను పైకి రాలేదు. చక్రం ఆగదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, నాలుగు గుర్రాల బలం ఎక్కువ కావాలని పెట్టిన ఫిల్టరు ఇంజనునే పోగొడుతుంది.

అక్కడనుంచి త్యాగరాయనగరం వచ్చాము. ఆ పేట మన పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరిట వెలసినది. దాని నడుమ ఉన్న పానగల్ పార్కు మన పానగల్ రాజావారి పేరు. 1920 దశకంలో పొడుగాటి మాంబళం చెరువును ఎండగట్టి ఆ పేటను కట్టారు. చెరువు పోయిందిగాని పల్లం పోలేదు. రైలుకట్ట కింద పడమటి మాంబళానికి పోయే దురైస్వామి సబ్‌వే గట్టివాన కురిస్తే ఇప్పటికీ నిండుతుంది. మేస్త్రి చెప్పిన జానెడు రెండు జానల మాట ఆ సబ్‌వే గోడమీది నీటి మరకలు చూస్తే బాగా బోధపడింది.

అక్కడినుంచి వేళచ్చేరి. ఆ పక్కనే పళ్ళికరణై చిత్తడినేల. 2022లో దానికి రామ్సర్ గుర్తింపు వచ్చింది. దక్షిణపు పేటల వాననీరు చాలావరకు అక్కడికే చేరాలి. ఆ నేలలో ఎంతో భాగం మీద ఇళ్ళు లేచాయి గనుక, నీరు ఇప్పుడు ఇళ్ళ ముందు ఆగుతుంది. 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో ఒక్కరోజున 49 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడూ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను ముందు చెన్నపట్నాన్ని ముంచినప్పుడూ, ఇక్కడ కార్లు పడవలవలె తేలాయి. ఆ తుపాను మూలంగానే ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల బాటలో జరగవలసిన ఫార్ములా 4 పందాలు ఆగిపోయి, చివరకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో జరిగాయి. పందెపు కార్లకే తప్పనిది మనకు తప్పుతుందా? 2024 అక్టోబరులో భారీవాన హెచ్చరిక రాగానే, వేళచ్చేరివారు కార్లను ముందుగానే ఫ్లైఓవరు మీద వరుసగా నిలిపి వచ్చారు. నవ్వినవారు నవ్వారుగాని, అది అనుభవం నేర్పిన తెలివి.

మరి రక్షణ మాటేమిటి? నీటిని అంటనివ్వని గుడ్డతొడుగు దొరుకుతుంది. చిమ్మే తుంపరను అది ఆపుతుంది. దానిని చేతిలో పట్టుకొని మేస్త్రి మా వాడితో, "తమ్ముడూ, ఇది గొడుగువంటిది. గొడుగు వేసుకొని వానలో నడవవచ్చు, చెరువులో దిగితే ఏం లాభం?" అన్నాడు. గొట్టం మధ్యలో అమర్చే బైపాస్ వాల్వు ఇంకొకటి. ఫిల్టరు మునిగినప్పుడు అది తెరుచుకొని పైనుంచి గాలి ఇస్తుంది. వాల్వు కూడా మునిగితే ప్రయోజనం లేదు, టర్బో ఇంజనుకు బొత్తిగా పనికిరాదు. ఇంజను కడిగేటప్పుడు ఫిల్టరుకు ప్లాస్టిక్ సంచి కట్టాలి, స్టార్టు చేసేముందు మరచిపోకుండా విప్పాలి. ఫిల్టరునే కడిగితే నీడన పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ నూనె పట్టించాలి. ఆ నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సరుకు అంటి పాడుచేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. నీళ్ళలో కారు ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయరాదు. తోసుకొని మెరకకు తెచ్చి, మెకానిక్కు చేత స్పార్క్ ప్లగ్గులు విప్పించి నీరు పోగొట్టించాలి. నూనె పాలవలె తెల్లబారిందేమో చూపించాలి. సాధారణ బీమా ఇటువంటి నష్టానికి చాలాసార్లు వర్తించదు. ఇంజను రక్షణకు వేరే చేర్పు తీసుకోవాలి, ఫిల్టరు మార్చిన సంగతి కూడా బీమావారికి చెప్పి ఉంచాలి.

మా మేనల్లుడు చాలాసేపు ఊరకున్నాడు. ఆ చప్పుడంటే వాడికి ఎంత ఇష్టమో మేమెరుగుదుము. "మామయ్యా, పాతపెట్టె అటకమీద ఉంది. సంక్రాంతి వరకు అదే పెట్టిస్తాను" అన్నాడు.

"మరి నీళ్ళు నిలిచిన రోజున మీ అమ్మ ఆస్పత్రి సంగతి?" అన్నాము.

దానికి ఏ ఫిల్టరూ జవాబు కాదు గదా! హెచ్చరిక వచ్చిన వెంటనే ఆస్పత్రికి ఫోను చేసి, డయాలిసిస్ ఒకరోజు ముందుకు జరపడానికి వీలవుతుందేమో అడగడమూ, వాన మొదలు కాకముందే అక్కగారిని ఆస్పత్రికి దగ్గరగా మైలాపూరులోని మా ఇంటికి చేర్చడమూ అని నిర్ణయించుకున్నాము. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలు అన్నారు. నేడు తుపాను రాకడనైనా వాతావరణ శాఖవారు కొన్నిరోజుల ముందు చెబుతున్నారు. ఈ ఊళ్లో మోటారు బండికైనా మనిషికైనా ఆ కొద్దిరోజుల వ్యవధే అసలు మెరక.