వెయ్యి కిలోమీటర్ల దీక్ష

కొత్త బండి కొన్నవాడికి మన దగ్గర సలహాలకు కరువుండదు. ‘మొదటి సర్వీసు దాకా నలభై దాటించకు’ అంటాడొకాయన. ‘అలా తోలితే బండి జన్మలో లాగదు, మొదట్లోనే గట్టిగా తిప్పాలి’ అంటాడు పక్కనున్నాయన. మూడో ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ‘ఇప్పటి బండ్లకు రన్నింగూ లేదు గిన్నింగూ లేదు, అంతా కంపెనీలోనే చేసి పంపిస్తున్నారు’ అని తేల్చేస్తాడు. ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా సిలిండర్లు బోరింగ్ చేస్తున్నవాణ్ని కాబట్టి ఈ మాట కాస్త ధైర్యంగానే చెప్పగలను.

2014 జూన్‌లో మావాడు డ్యూక్ 390 కొంటానన్నాడు. కేటీఎం అనే ఆస్ట్రియా కంపెనీ బండి అది. బజాజ్ వాళ్లు పుణె దగ్గర చకన్‌లో తయారుచేసి, 2013లో మన దేశంలో అమ్మకం మొదలుపెట్టారు. ఒకటే సిలిండరు, 373 సీసీ, 43 హార్స్‌పవర్. ఈ అంకె ఎంతో తెలియాలంటే మారుతి 800ను గుర్తుచేసుకోండి. అయిదుగురం ఎక్కి, డిక్కీలో పులిహోర గిన్నె పెట్టుకుని తిరుపతి వెళ్లొచ్చిన ఆ కారు ఇంజనుకు 40 హార్స్‌పవర్ కూడా లేదు. అంతకంటే ఎక్కువ శక్తిని నూటయాభై కిలోల బండిలో పెట్టి, దానిమీద ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని కూర్చోబెడతారన్నమాట. నిలబడ్డ చోటునుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి ఆరు సెకన్లు చాలు.

మా ఆవిడకు హార్స్‌పవర్ లెక్కలతో పనిలేదు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో గాయపడి, కొద్దిరోజులకే ఆసుపత్రిలో చనిపోయాడు. పంతొమ్మిదేళ్లవాడు. ఆ వార్త ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. బండి మాట ఎత్తగానే, ‘‘ఏమండీ, ఇంజన్లతోనే బతుకుతున్నారు కదా, మీరన్నా వద్దని చెప్పండి’’ అంది.

వద్దనడం ఎంతసేపు? వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు మొదటివారంలో చేరాలి. ఇక్కడ వద్దంటే అక్కడ రెండో నెల జీతంతో కొంటాడు, ఆ సంగతి మనకు ఫోన్లో తెలుస్తుంది. అందుకని ఒక షరతు పెట్టాను. బండి ఇక్కడే కొనాలి. కంపెనీ పుస్తకంలో రన్నింగ్ ఇన్ ఎన్ని కిలోమీటర్లని రాస్తే అన్నీ ఇక్కడే, నా కళ్లముందు పూర్తిచేయాలి. ఆ తర్వాతే బండి హైదరాబాద్ ఎక్కేది. వాడు సంతోషంగా ఒప్పుకుని పుస్తకం తెరిచాడు. వెయ్యి కిలోమీటర్లని ఉంది. ‘‘నలభై ఒక్క రోజుల దీక్షలాగుందే’’ అంది వాళ్లమ్మ. నల్లబట్టలొక్కటే తక్కువ.

ఇంతకీ ఆ వెయ్యి కిలోమీటర్లలో ఇంజను లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నా పనే అది గనక కాస్త ఓపిక పట్టండి.

అరిగిపోయిన సిలిండరు మా దగ్గరికొస్తే ముందు బోరింగ్ మిషను మీద పెట్టి లోపలి గోడను కోస్తాం. తర్వాత హోనింగ్ రాళ్లు తిప్పుతాం. పని అయ్యాక సిలిండరును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల అద్దంలా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండకూడదు. చాపలో అల్లికలాగా ఏటవాలుగా ఒకదానినొకటి కోసుకునే సన్నటి గీతలుండాలి. ఆ గీతల సందుల్లోనే ఆయిలు నిలుస్తుంది. గీతల అంచులు మాత్రం కొత్తలో గరుగ్గా ఉంటాయి. పిస్టన్ రింగులు వాటిమీద రాసుకుంటూ పోగా పోగా ఆ అంచులు అరిగి, గోడా రింగూ ఒకదానికొకటి అమరుతాయి. కొత్త చెప్పు కాలికి అమరినట్టు. దాన్నే మేం ‘ఇంజను సెట్టవడం’ అంటాం. ఈ అమరిక సరిగ్గా కుదిరితే ఇంజను ఏళ్ల తరబడి ఆయిలు తాగకుండా నడుస్తుంది. కుదరకపోతే ఆయిలు మంటగదిలోకి ఎక్కి నీలంపొగ మొదలవుతుంది.

సెట్టయ్యేలోపు రాపిడి ఎక్కువ కాబట్టి వేడీ ఎక్కువే. పిస్టనుకూ గోడకూ మధ్య మేం వదిలే సందు తలవెంట్రుక మందం కూడా ఉండదు. పిస్టను వేడికి ఉబ్బి ఆ సందు మూసుకుపోతే ఇంజను పట్టేస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు ఆర్‌ఎక్స్ 100 బోరు చేయించుకున్నాడు. అయిదువందల కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లమని చెప్పి పంపాం. ఆ రాత్రే స్నేహితుడి పెళ్లని హైదరాబాద్ బయల్దేరాడు. నందిగామ దాటాక పిస్టను పట్టేసి వెనకచక్రం బిగుసుకుపోయింది. క్లచ్ మీద వేళ్లున్నాయి కాబట్టి వెంటనే నొక్కాడు, చక్రం తిరిగింది, మనిషి బతికాడు. బండిని ట్రాలీలో తెచ్చి మా షాపు ముందు దింపినప్పుడు కూడా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆర్‌ఎక్స్ 100కు ఇనుప లైనరుంటుంది. చెడితే పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను తెచ్చి మళ్లీ బోరు చేసుకోవచ్చు. డ్యూక్ వ్యవహారం వేరు. దాని సిలిండరు అల్యూమినియం. లోపలి గోడకు నికాసిల్ అని నికెల్‌తో కూడిన చాలా గట్టి పూత ఉంటుంది. పల్చటి పూత. దాన్ని నా మిషను మీద పెట్టి కోయడానికి లేదు. పాడైతే సిలిండరు మార్చుకోవాల్సిందే. ఎన్ని వేల సిలిండర్లు బాగుచేశానో లెక్కలేదుగానీ, సొంత కొడుకు బండి పాడైతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు. ఆ మాట వాడికి చెబితే నవ్వాడు.

ఇక అసలు పేచీ. వాడు ఇంటర్నెట్‌లో ఏవేవో చదివాడు. మొదటి ముప్పై, నలభై కిలోమీటర్లలోనే ఇంజనును గట్టిగా తిప్పాలని, లేకపోతే రింగులు ఎప్పటికీ కూర్చోవని అమెరికాలో కొందరు మెకానిక్కులు వాదిస్తారట. ‘‘నీ పాతకాలం లెక్కలు దీనికి పనికిరావు నాన్నా’’ అన్నాడు.

వాళ్ల వాదన తీసిపారేయాల్సిందేం కాదు. రింగును గోడకు అదిమేది దానికున్న స్ప్రింగు గుణం ఒక్కటే కాదు, పెట్రోలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి నెడుతుంది. మరీ భయపడి, ఎప్పుడూ సన్నగా ఒకే వేగంతో ఉరుకుతూ పోతే ఆ ఒత్తిడి చాలదు. అంచులు అరగవు. గీతల మధ్య ఆయిలు మాడి గోడ గాజులా నునుపెక్కిపోతుంది. రిటైరైన పెద్దమనుషుల బండ్లు కొన్నిటిలో ఈ తెగులు నేనే చూశాను. ముప్పైలో తోలి, అపురూపంగా తుడుచుకుని, చివరికి పొగతో మా షాపుకొచ్చినవి. అయితే రింగులకు ఒత్తిడి కావాలన్న మాట వేరు, యాక్సిలేటరు చివరిదాకా తిప్పి పదివేల ఆర్‌పీఎంకు లాగమనడం వేరు. మొదటిది నేనూ ఒప్పుకుంటాను. రెండోది రింగుల కోసం కాదు, సరదా కోసం.

పుస్తకంలో వెయ్యి కిలోమీటర్ల దాకా 7,500 ఆర్‌పీఎం దాటొద్దని ఉంది. అంటే పిస్టను సెకనుకు 125 సార్లు పైకీ కిందికీ పోయిరావడం. అది తక్కువేం కాదు. ఇక్కడే ఒక మెలిక ఉంది, కొత్తగా ఇలాంటి బండి కొనిచ్చే తల్లిదండ్రులు గమనించాలి. ఆరో గేరులో 7,500 అంటే వేగం వంద దాటిపోతుంది. ఆ హద్దు ఇంజనును కాపాడుతుంది, మీ పిల్లాణ్ని కాదు. అందుకని పుస్తకంలో లేని గీత ఒకటి నేను గీశాను. మొదటి అయిదువందల కిలోమీటర్లు డెబ్బై, ఆ తర్వాత ఎనభై. ‘‘అది ఏ శాస్త్రం ప్రకారం?’’ అన్నాడు. ‘‘మీ అమ్మ శాస్త్రం’’ అన్నాను.

దుర్గగుడి కింద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టాం. ముందు వాడు డ్యూక్ మీద, వెనక నేను నా ఆర్‌ఎక్స్ 100 మీద. కృష్ణ కరకట్ట మీదుగా తోట్లవల్లూరు వైపు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెయ్యి కిలోమీటర్లు తిప్పినా ఇంజను సెట్టవదు, ఊరికే కాగుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోయినా లాభంలేదు. కరకట్టయితే మలుపులున్నాయి, ఊళ్లున్నాయి, గేదెలున్నాయి. గేరు మార్చక తప్పదు.

నేను చెప్పిన పద్ధతి ఇది. బయల్దేరిన అయిదారు కిలోమీటర్లు ఇంజను వేడెక్కేదాకా మెల్లగా. తర్వాత మూడో గేరులోనో నాలుగో గేరులోనో నాలుగు వేల నుంచి ఆరున్నర వేల దాకా నిండుగా లాగడం. వెంటనే యాక్సిలేటరు వదిలేసి గేరులోనే మెల్లగా దిగనివ్వడం. లాగినప్పుడు రింగు గోడను అదుముతుంది, వదిలినప్పుడు ఆయిలు పైకెక్కి, అరిగిన పొడిని కడుగుతుంది. పది కిలోమీటర్లు అలా, తర్వాత కాసేపు మామూలుగా. ముప్పై నలభై కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వడం. పైగేరులో పెట్టి ఇంజనును మూలిగించడం అస్సలు కూడదు, అది పరుగు కంటే చేటు. గేరు మార్చమని చెప్పే లైటు మీటరు మీద ఉంది గానీ వాడు రెండో రోజుకల్లా దాన్ని చూడటం మానేశాడు. శబ్దంతోనే మారుస్తున్నాడు. వెనక నుంచి వింటున్న నాకు తెలుస్తూనే ఉంది.

తోట్లవల్లూరు దగ్గర పాకహోటల్లో ఇడ్లీ, అల్లంచట్నీ. ఇంజను చల్లారేదాకా కబుర్లు. ఇంటర్లో ఒక లెక్చరరు తనని అందరిముందూ ఏమన్నాడో, ఇంజనీరింగ్ రెండో ఏట ఎందుకు దిగాలుగా ఉండేవాడో ఆ అరగంటల్లోనే విన్నాను. ఇంట్లో ఇరవై రెండేళ్లున్నాం, షాపు నుంచి నేనొచ్చేసరికి వాడు పుస్తకాల్లోనో కంప్యూటర్లోనో ఉండేవాడు. ఒక ఆదివారం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దాకా వెళ్లొచ్చాం. ఇంకో ఆదివారం నూజివీడు వైపు, మామిడితోటల్లోంచి.

ఇంజనుతోపాటు సెట్టవ్వాల్సినవి ఇంకా ఉంటాయి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అది అరిగేదాకా మలుపులో బండిని వంచితే జారుతుంది. బ్రేకు ప్యాడ్లు డిస్కుకు అమరాలి. వాటన్నిటికంటే ఆలస్యంగా అమరేది కుడిచేతి మణికట్టు. అంతకుముందు వాడు తోలింది నా ఆర్‌ఎక్స్, దానికున్నది 11 హార్స్‌పవర్. మణికట్టు వేలెడంత తిప్పితే ఆర్‌ఎక్స్ ముందుకు కదులుతుంది, డ్యూక్ ఎగిరి దూకుతుంది. మొదటిరోజు గతుకు తగిలినప్పుడల్లా వాడి చెయ్యి కదిలి బండి ఉలిక్కిపడేది. ఆరువందల కిలోమీటర్లకు ఆ ఉలికిపాటు పోయింది.

ఏడువందలు దాటాక పామర్రు రోడ్డులో ఒక పరీక్ష వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు వేరే బండిమీద పక్కకొచ్చి, డ్యూక్‌ను చూసి, రేసు ఇచ్చి కవ్వించారు. కొంతదూరం పక్కపక్కనే వచ్చారు. వెనక నాకు కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టయింది. ఆ క్షణంలో 7,500 గీతా, నా డెబ్బై ఎనభై గీతలూ దేనికి పనికొస్తాయి? మావాడి ఇంజను శబ్దం పెరగలేదు, తగ్గనూ లేదు. వాళ్లు విసుగేసి ముందుకెళ్లిపోయారు. టీ కోసం ఆగినప్పుడు నేనేమీ అడగలేదు. వాడే, ‘‘రింగులు పాడైతే నీ షాపులో కుదరదుగా నాన్నా’’ అన్నాడు.

జులై ఆఖరివారంలో మీటరు వెయ్యికి చేరింది. సర్వీసులో పాత ఆయిలు దించుతుంటే దగ్గరుండి చూశాను. దించిన ఆయిల్లో వేలు ముంచి ఎండలో పెడితే వెండి రంగు మెరుపు, ముగ్గుపిండికంటే సన్నగా. జేబులోంచి షాపు అయస్కాంతం తీసి ఆనించాను. సన్నటి నల్లటి మసి అంటుకుంది. పలుకు లేదు, ముక్క లేదు. అదీ మేం కోరుకునేది. మొదటి ఆయిలు ఆలస్యం చేయకుండా మార్చాలనేది ఈ పొడి కోసమే. వెయ్యి కిలోమీటర్ల అరుగుదలంతా అందులోనే ఉంటుంది. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేశారు. చెయిను బిగించారు. ఇక పుస్తకం ప్రకారం 7,500 హద్దు లేదు.

రెండురోజుల తర్వాత తెల్లవారుజామున బయల్దేరాడు. హైదరాబాద్ 270 కిలోమీటర్లు పైచిలుకు. వాళ్లమ్మ హెల్మెట్ పట్టీ రెండుసార్లు లాగి చూసింది. ‘‘సూర్యాపేటలో ఆగి ఫోన్ చెయ్యరా’’ అన్నాను. వీధి మలుపు తిరిగాక బండి కనపడలేదు, వినపడుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. మెయిన్ రోడ్డెక్కాక మూడో గేరులో లాగాడు. ఆరువేలు. ఆరున్నర. అక్కడ నాలుగో గేరు వేశాడు.