తునిలో గోదావరి ఎక్కడిది?

సావనీరు కమిటీ మిత్రులు ఒక సాయంత్రం నా రూముకొచ్చి, "తెలుగుతనం మీద ఓ వ్యాసం రాసివ్వాలి గురువుగారూ! మీరు గోదావరివారు కదా, మాటకారితనం ఉగ్గుపాలతోనే వచ్చి ఉంటుంది" అన్నారు. రెండేళ్ల కిందట అయితే ఈ మాటకి పొంగిపోయి, ఆ రాత్రికే ఇరవై పేజీలు నింపి ఉండేవాణ్ణి. ఈసారి మాత్రం కలం కదలడానికి నాలుగు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పుకోవడమే ఈ వ్యాసం. పాఠక మిత్రులు ఓపిక పట్టాలి.

మాది తుని. విశాఖపట్నంలో రైలెక్కి రాజమండ్రి పోయేవారికి ఇంచుమించు సగం దారిలో తగులుతుంది. మామిడిపళ్లకీ తమలపాకులకీ పేరున్న ఊరు. కొండల్లో తలుపులమ్మ తల్లి లోవ ఉంది. కొత్త బండి కొన్నవాడు ముందు అక్కడికి తీసుకెళ్లి పూజ చేయించుకుని గాని రోడ్డెక్కడు. ఊరి పక్కన తాండవ నది. వంతెన దాటితే పాయకరావుపేట. అవతల ఒడ్డు విశాఖ జిల్లా, ఇవతల ఒడ్డు తూర్పు గోదావరి జిల్లా అని చిన్నప్పుడు మేం వంతెన మీద నిలబడి, ఒక కాలు ఈ జిల్లాలో, ఒక కాలు ఆ జిల్లాలో పెట్టామని సంబరపడేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మేం కాకినాడ జిల్లాలోకీ, వాళ్లు అనకాపల్లి జిల్లాలోకీ పోయాం. బోర్డులు మారాయి. మాటలు మారలేదు.

ఇంటరు అయ్యేదాకా నేను ఫలానా ప్రాంతంవాణ్ణి అన్న స్పృహే నాకు లేదు. అది హాస్టల్లో వచ్చింది. చేరిన మొదటి వారంలోనే ప్రతివాడూ ఎదుటివాణ్ణి అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, "మీదే ఊరు?" రాత్రి మెస్సులో భోజనాలయ్యాక డాబా మీద చేరేవాళ్లం. ఒక వరంగల్ మిత్రుడు, ఒక కడప మిత్రుడు, అమలాపురం నుంచి ఒకడు, శ్రీకాకుళం నుంచి ఒకడు, నేను. తొమ్మిదింటికి మొదలైన వాదన పన్నెండు దాకా సాగేది. ఏ సినిమా గురించి మొదలెట్టినా చివరికి జాతి, భాష, రాష్ట్రం దగ్గరే తేలేది.

నాది ఎప్పుడూ ఒకటే పాట. "మనమంతా తెలుగువాళ్లం. 2011 జనాభా లెక్కల్లో మన భాష మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. హిందీ, బెంగాలీ, మరాఠీ తర్వాత మనమే. 2008లో ప్రాచీన భాష హోదా కూడా వచ్చింది. పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణాలిస్తే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దేశంలో భాషాప్రయుక్త రాష్ట్రాలకి దారి చూపిందే మనం. 1982లో రామారావుగారు ఆత్మగౌరవం అన్న ఒక్క మాటతో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గద్దె ఎక్కారు. ఇంత చరిత్ర పెట్టుకుని మనలో మనకి తగవులేమిటి?" అని చేతులూపుతూ చెప్పేవాణ్ణి.

వరంగల్ మిత్రుడు తాపీగా వినేవాడు. "అందరం ఒకటే అన్నవు. బాగుంది. 1956ల కలిసినం. మరి ఒకటే అయితే ఇన్నేండ్లు సినిమాల మా మాట రౌడీకి, నవ్వించెటోనికే ఎందుకు పెట్టిన్రు? హీరోకెందుకు పెట్టలే?" అనేవాడు. 1969లో ఏం జరిగిందో, 2014 జూన్ 2 ఎందుకొచ్చిందో తేదీలతో సహా చెప్పేవాడు. కడప మిత్రుడు 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఎత్తేవాడు. "కర్నూలుకి రాజధాని ఇచ్చినట్టే ఇచ్చి మూడేళ్లకే లాక్కుంటిరి, ఇంక తెలుగుజాతి అని మాకు పాఠాలు చెప్పొద్దప్పా" అని తేల్చేసేవాడు. ఈ ఇద్దరికీ నా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు లేనప్పుడు గొంతు పెంచడమనే విద్య ఒకటుంది కదా, దాన్ని ఆశ్రయించేవాణ్ణి.

అప్పుడప్పుడూ గొప్పలకి కూడా పోయేవాణ్ణి. "ఏమన్నా అనండి, మర్యాద అంటే మా గోదావరి వాళ్లదే. నోరు తెరిస్తే అండీ, ఆయ్ అనకుండా మాట రాదు. నన్నయగారు భారతం మొదలెట్టింది మా గట్టు మీద, వీరేశలింగంగారు పుట్టింది మా గట్టు మీద. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక అన్నం పెట్టింది మా నీళ్లు" అని ఒక రాత్రి అంటున్నాను. అమలాపురంవాడు అంతదాకా వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నాడు. ఒక్కసారి తలెత్తి, "ఏరా, తునిలో గోదావరి ఎక్కడిదిరా?" అన్నాడు.

డాబా అంతా ఒకటే నవ్వు.

నిజమే. మా ఊరినుంచి రాజమండ్రి రేవుకి సుమారు వంద కిలోమీటర్లు. మా చేలకి కాటన్ దొర నీళ్లు ఒక్క చుక్క రావు. తాండవ రిజర్వాయరు, చెరువులు, బోర్లు, ఆ పైన వానదేవుడి దయ. డెల్టావాళ్ల దృష్టిలో మాది మెట్ట. మా మాట వింటే వాళ్లు "మీరు విశాఖవాళ్ల లెక్కే" అంటారు. విశాఖవాళ్లు "మీరు గోదావరోళ్లు కదండీ, ఆయ్!" అంటారు. నా గొప్ప అంతా అరువు సొమ్మని ఆ రాత్రి బయటపడింది. అవమానం లోపల పెట్టుకున్నాను. అవమానం లోపల పెట్టుకున్నవాడు ఏం చేస్తాడు? తనకన్నా మెత్తగా కనిపించినవాడి కోసం వెతుకుతాడు.

ఇక్కడ శ్రీకాకుళం మిత్రుడి సంగతి చెప్పాలి. వంశధార ఒడ్డు ఊరు. చదువులో మా అందరికన్నా ముందు. డాబా మీద తక్కువ మాట్లాడేవాడు గాని, మాట్లాడితే ఇంట్లో తల్లితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. ఏ అక్షరమూ సవరించేవాడు కాదు. ఒక రాత్రి వలసల మీద మాట వచ్చింది. తన ఊళ్లో సగం ఇళ్లకి తాళాలెందుకు పడ్డాయో, హైదరాబాదులోనూ చెన్నైలోనూ ఇల్లు కట్టే చోటల్లా తమవాళ్లే ఎందుకుంటారో అతను చెప్పడం మొదలెట్టాడు. అందరూ శ్రద్ధగా వింటున్నారు. ఆ శ్రద్ధ నాకు ఏనాడూ దక్కలేదు. అతను ఒక వాక్యం ముగించగానే నేను అదే వాక్యాన్ని, అదే రాగంతో, సినిమాల్లో హాస్యనటులు లాగినట్టు లాగి వినిపించాను.

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు తిరిగి ప్రాణం వచ్చినట్టయింది.

ఆ రాత్రి మా మధ్య నైజీరియా నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి కూడా ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు, మా కేకలు చూడడం సరదా అని వచ్చి కూర్చునేవాడు. కిందికి దిగుతుంటే మెట్ల మీద నన్ను ఆపి ఇంగ్లీషులో అడిగాడు: "నువ్వేమన్నావో నాకు తెలియదు. కాని అందరూ నవ్వినప్పుడు ఒక్కడు మాత్రం నవ్వలేదు. అతన్నేమన్నావు?" నేను ఏదో సర్దిచెప్పాను. ఆయన వదల్లేదు. తర్వాత రోజు టీ దగ్గర తన సంగతి చెప్పుకొచ్చాడు. వారు యోరుబా జాతివారు. నైజీరియా నైరుతి భాగం వారిది. పెద్దలు కనిపిస్తే మగవాళ్లు సాష్టాంగపడతారట. పెద్దవారిని ఏకవచనంతో పిలిస్తే తప్పట. వింటుంటే మా తాతగారి కాలం గుర్తొచ్చింది. "మాకూ చెప్పలేనంత అభిమానం. బయటివాడి ముందు మేమంతా యోరుబాలం. తలుపు వేసుకున్నాక ఇబాదాన్ వాడు, ఎకితి వాడు, ఇజెబు వాడు ఎవరి యోరుబా మంచిదని తగవులాడుకుంటాం. 1877లో మొదలై పదహారేళ్లు మాలో మేమే యుద్ధం చేసుకున్నాం. మా బడిపుస్తకాల భాషకి ఎక్కువగా ఓయో వాళ్ల మాటే మూలం. మిగిలినవాళ్లు ఆ మాట నేర్చుకుని, తమ మాట ఇంట్లో దాచుకుంటారు" అన్నాడు. ఆ 'దాచుకుంటారు' అన్న మాట నన్ను వెంటాడింది.

ఎందుకంటే శ్రీకాకుళం మిత్రుడు ఆ రాత్రి నుంచి డాబా ఎక్కడం మానేశాడు. క్లాసులో లెక్చరరుగారు అడిగితే పుస్తకంలో ఉన్నట్టు జవాబు చెప్పేవాడు. కొన్నాళ్లకి అదీ మాని ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టాడు. నాతో పలకరింపు ఉండేది, మాట ఉండేది కాదు. ఒక రోజు రాత్రి మంచినీళ్లకని బయటికి వస్తే వరండా చివర చీకట్లో అతను ఫోనులో మాట్లాడుతున్నాడు. గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అవతల తండ్రి అనుకుంటాను. ఆ మాట అతని ఇంటి మాట. నా అడుగు చప్పుడు వినగానే ఆపేశాడు. కన్నతండ్రితో మాట్లాడడానికి ఒక మనిషి చీకటి వెతుక్కునేలా చేసిన ఘనుణ్ణి నేనన్నమాట! తెలుగుజాతి ఐక్యత మీద రోజూ ఉపన్యాసాలిచ్చినవాణ్ణి!

ఆ శనివారం తుని పోయాను. మా నాయనమ్మ వరండాలో కూర్చుని ఉంది. "ఏటి బాబూ, పీచులాగ అయిపోనావు, ఆ హాస్టల్లో తిండి పెట్టట్లేదేటి?" అంది.

ఏటి!

మా నాయనమ్మది తాండవ అవతలి ఊరు. పెళ్లై వంతెన దాటి వచ్చింది గాని మాట దాటి రాలేదు. పుట్టినప్పట్నించీ నేను విన్న మాట అదే. ఆ క్షణంలో ఇంకో సంగతి గుర్తొచ్చి కాళ్లు చల్లబడ్డాయి. అంతకు ముందు సంవత్సరం అమలాపురం మిత్రుడు లోవ చూడాలని వస్తే మా ఇంట్లోనే భోజనం పెట్టాం. నాయనమ్మ ఆప్యాయంగా వచ్చి అతన్నేదో అడగబోయింది. ఆవిడ నోరు విప్పేలోగానే నేను అందుకుని, ఆవిడ అడగబోయేదానికి నేనే జవాబు చెప్పేశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడే, "నాను వంటింట్లో ఉంటాన్లే" అని లోపలికి పోయింది. అప్పుడు నాకు అదేమీ తప్పుగా తోచలేదు. పెద్దావిడకి శ్రమ తప్పించాననుకున్నాను. అసలు సంగతి, డెల్టావాడి ముందు ఆ మాట వినబడకూడదని నా భయం. శ్రీకాకుళం మిత్రుణ్ణి నేను వెక్కిరించింది అతని మాట వింతగా ఉండి కాదు. అది మా వంటింటి మాటకి మరీ దగ్గరగా ఉండి.

2016 జనవరి 31న రిజర్వేషన్ల సభ రోజున మా ఊరి దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. ఆ తర్వాత చాలాకాలం ఎక్కడికెళ్లినా "ఓహో, రైలు తగలబెట్టిన తునివాళ్లా?" అనేవారు. అప్పుడు నేను బళ్లో చదువుకునే పిల్లాణ్ణి. ఒక్క రోజు జరిగినదానికి ఊరినంతా కట్టగట్టి పేరు పెడతారా అని ఉక్రోషం వచ్చేది. ఆ ఉక్రోషం తెలిసినవాణ్ణే ఇంకొకడికి పేరు పెట్టాను. మనకి తగిలిన దెబ్బ మనకి జ్ఞానం నేర్పుతుందని పెద్దలంటారు. ఒక్కోసారి దెబ్బ కొట్టడం మాత్రమే నేర్పుతుంది.

సోమవారం తిరిగి వచ్చి, శ్రీకాకుళం మిత్రుడి రూము తలుపు కొట్టాను. క్షమాపణ చెప్పడం రాక, మా నాయనమ్మ సంగతి చెప్పాను, వంటింటి సంగతితో సహా. అతను చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నదేమిటంటే: "గిడుగు రామమూర్తిగారు మా జిల్లాలోనే, పర్వతాలపేటలో పుట్టారు. పుస్తకాల్లో జనం మాట రాయమని పండితులతో జీవితమంతా పోరాడారు. సవరవాళ్ల భాష కూడా నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. ఆయన పుట్టినరోజే, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం అంటూ మీరు దండలేస్తారు. ఆయన గెలిచాక పుస్తకాల్లోకి వచ్చిన జనం మాట మాత్రం మా జనానిది కాదు. మీది."

దీనికీ నా దగ్గర జవాబు లేకపోయింది. ఈసారి గొంతు పెంచలేదు.

అలాగని నా అభిమానం చచ్చిపోయిందనుకోకండి. పొట్టి శ్రీరాములుగారి పేరు తలిస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. తెలుగు వినబడితే పరాయి ఊళ్లో ఇప్పటికీ ఆగి చూస్తాను. కాని 'మనం' అన్నప్పుడల్లా అందులో ఎవరి నోరు మూయించి ఆ మాట అంటున్నానో ఒకసారి చూసుకుంటున్నాను. వరంగల్ మిత్రుడు రెండేళ్లుగా అడుగుతున్నదీ అదేనని ఇప్పుడు బోధపడుతోంది.

ఈ వ్యాసం రాశాక ముందుగా శ్రీకాకుళం మిత్రుడికే చూపించాను. మొదటి ప్రతిలో అతని మాటల్ని అతని యాసలోనే, నాకు తెలిసినంతలో, రాశాను. గౌరవం చేశాననే అనుకున్నాను. అతను చదివి, పెన్సిలు తీసుకుని, ఆ వాక్యాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. "ఇది సినిమావాళ్ల శ్రీకాకుళం. మేమిలా మాట్లాడం" అన్నాడు. అందుకే ఇందులో అతని మాటలు నా మాటల్లో ఉన్నాయి. అది లోపమేనని ఒప్పుకుంటున్నాను. అతని మాట అతనే రాయాలి. వచ్చే ఏటి సావనీరుకి రాస్తానని ఒప్పుకున్నాడు, ఎడిటరుగారు ఒక్క అక్షరమూ దిద్దకూడదన్న షరతు మీద.

నిన్న రాత్రి డాబా మీదికి కూడా వచ్చాడు. వచ్చీ రాగానే నాతోనే పోట్లాట వేసుకున్నాడు.