కొండల కంటే ముందే పుట్టిన నది!

కొండ అడ్డొస్తే నది పక్కకు తిరిగిపోతుంది. కెనడాలోని సౌత్‌ నహానీ మాత్రం తిరగలేదు. ఎందుకంటే, కొండలు లేచేసరికే అది అక్కడ పారుతోంది!

ఉత్తర ధ్రువానికి దిగువన, ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పుకుని ఉండే నార్త్‌వెస్ట్‌ టెరిటరీస్‌లో ఉంది నహానీ. మెకెంజీ పర్వతాల్లో పుట్టి, ఐదొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి లియార్డ్‌ నదిలో కలుస్తుంది. ఆ నీరు మెకెంజీ నది మీదుగా ఆర్కిటిక్‌ సముద్రానికి చేరుతుంది.

ఒకప్పుడిది చదునైన నేలమీద పాములా మెలికలు తిరుగుతూ పారేది. కింద నేల మెల్లమెల్లగా పైకి లేవడం మొదలైంది. నేల లేచినకొద్దీ నది రాతిని కోసుకుంటూ కిందికి దిగింది. ఆ మెలికలు అలాగే రాతిలో నిలిచిపోయాయి. కొన్నిచోట్ల లోయ లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. చివరి మంచుయుగంలోనూ హిమానీనదాలు నది దిగువ లోయలను తాకలేదు. అందుకే వాటి రూపం చెక్కుచెదరలేదు.

ఇలాంటి లోయలు నాలుగు. పడవలో దిగువకు వెళ్లేవారికి ముందుగా ఎదురయ్యేది నాలుగోది, ఆఖరున వచ్చేది మొదటిది! పూర్వం అన్వేషకులు ప్రవాహానికి ఎదురెక్కుతూ వచ్చి లెక్కపెట్టడమే అందుకు కారణం. బంగారం కోసం వెళ్లిన ఇద్దరు అన్నదమ్ముల మృతదేహాలు 1908లో తలలు లేకుండా దొరికాయి. అప్పటినుంచి ఆ చోటుకు ‘మృతుల లోయ’ అన్న పేరు స్థిరపడింది.

నాలుగో లోయ మొదట్లోనే వర్జీనియా జలపాతం. ఎత్తు తొంభై మీటర్ల పైచిలుకు, అంటే నయాగరాకు దాదాపు రెట్టింపు. ఇంత నీరు, ఇంత ఎత్తు... జలవిద్యుత్తు ఆలోచన రాకుండా ఉంటుందా? వచ్చింది. 1970లో అప్పటి ప్రధాని పియెర్‌ ట్రూడో స్వయంగా ఈ నదిలో పడవ ప్రయాణం చేశారు. రెండేళ్లకే దీన్ని జాతీయ పార్కుగా కాపాడాలని నిర్ణయించారు. ఆనకట్ట రాలేదు. 1978లో యునెస్కో తొలి ప్రపంచ వారసత్వ జాబితాలోని పన్నెండింటిలో నహానీ ఒకటైంది.

కానీ అప్పటి పార్కు నది వెంట సాగే సన్నని పట్టీ మాత్రమే. ఉపనదులు పుట్టే చోట్లు బయటే మిగిలాయి. పైన నీరు చెడితే కింద పార్కు ఉండి ఏం లాభం? తరతరాలుగా ఇక్కడ వేటాడుతూ బతికిన డెనే ప్రజలు పార్కును పెంచమని పట్టుబట్టారు. చివరకు 2009లో పార్కు ఆరు రెట్లు పెరిగి 30 వేల చదరపు కిలోమీటర్లకు చేరింది. అయినా ఓ ఉపనది ఒడ్డునున్న జింకు, సీసం గని స్థలాన్ని మాత్రం పార్కులో కలపలేదు. చుట్టూ పార్కు, మధ్యలో గని!

పార్కులోకి మామూలు రోడ్డు లేదు. వేసవిలో నీటిమీద దిగే చిన్న విమానాలే సందర్శకులకు దిక్కు. నది ఎగువన వేడినీటి ఊటలు వేల ఏళ్లుగా పొర మీద పొర పేర్చిన సున్నపు దిబ్బలున్నాయి. అడుగు గట్టిగా పడితే విరిగిపోయేంత సున్నితం. అందుకే గైడు వెంట ఉండాల్సిందే. దిబ్బ ఎక్కేముందు అందరూ చెప్పులు విప్పాల్సిందే... అచ్చం గుడికెళ్లినట్టే!