దారి చూపు పలక

ముప్పది యేండ్లు గుమాస్తాగా ఇతరుల అర్జీలకు నంబరులు వేసితిని. ఉద్యోగము విరమించిన పిదప నా అంతట నేను వ్రాసిన మొదటి అర్జీ ఒక దారి పలక కొరకు.

కోయంబత్తూరునుండి మా వియ్యంకులు సకుటుంబముగా కారులో మధురకు వచ్చిరి. రాణి మంగమ్మ వేసవి విడిదియైన తముక్కము నగరును వారికి చూపదలచి నేను ముందుగా పోయి గుమ్మమున నిలిచితిని. గంట గడచినను వారు రాలేదు. తుదకు ఫోను మ్రోగినది. “బావగారూ, మంగమ్మ మేడ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదంటున్నారండీ!” “గాంధీ మ్యూజియమని అడగండి బావగారూ” అంటిని. పది నిమిషములలో వచ్చి చేరిరి.

కారు దిగిన మనుమడు, “తాతగారూ, ఇల్లు ఆవిడదే కదా, ఆవిడ పేరు ఎవరికీ తెలియదేం?” అని అడిగెను. నాకు బదులు తోచలేదు. ఆ గుమ్మము ముందునుండి నేనును ఎన్ని యేండ్లు ఊరక నడచి పోయితినో!

1689లో పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పక్షమున రాజ్యభారము వహించిన తెలుగు ఆడపడుచు మంగమ్మ. బాటలు వేయించి, ఇరువైపుల చెట్లు నాటించి, బాటసారులకు సత్రములు కట్టించినది. మధుర రైలుస్టేషను ఎదుటి సత్రము నేటికిని ఆమె పేరనే యున్నది. ఆమె నగరున 1959లో నెహ్రూగారు గాంధీ స్మారక మ్యూజియమును ప్రారంభించిరి. అంతకంటె గౌరవమేమి కావలెను? అయినను, లోకమునకు దారులు వేసిన తల్లి యింటికి దారి చెప్పు పలక మావారి కంట పడకపోవుట నా మనస్సును నొప్పించినది.

ఆ రాత్రియే అర్జీ వ్రాసితిని. నాలుగు పుటలు! నాయకరాజుల వైభవము, తెలుగువారి కీర్తి, అన్నియు అందు కలవు. కొన్ని నెలలకు ఒక కార్యాలయమునుండి ఒక్క పంక్తి జవాబు వచ్చినది: ఆ రోడ్డు తమది కాదట. గుమాస్తానైన నాకు ఇది ముందే తోచవలసినది. ప్రతి రోడ్డునకును ఒక యజమాని కలడు. జాతీయ రహదారి కేంద్రమువారిది, రాష్ట్ర రహదారి రాష్ట్రపు హైవేస్ శాఖవారిది, ఊరి వీధి నగరపాలక సంస్థవారిది. పలక నాటవలసిన చోటు ఎవరిదో ముందు తెలిసికొని, పిదప కలము పట్టవలెను.

పలకకును ఒక శాస్త్రము కలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి నియమావళి ప్రకారము యాత్రాస్థలములను చూపు పలకకు గోధుమవన్నె నేల, తెల్లని అక్షరములు. పేరు, దూరము, బాణపుగుర్తు: అంతే. బండి తోలువాడు చదువవలసినది చరిత్ర కాదు, మలుపు.

రెండవ అర్జీ అర పుట. బాటసారి ఏ దిక్కునుండి వచ్చును, ఏ కూడలిలో తప్పిపోవును, స్తంభము ఎచ్చట నాటిన ఎవరికిని అడ్డు కాదు అని వ్రాసి, చేతిపటము గీచి, ఛాయాచిత్రము జతపరచితిని. గాంధీ మ్యూజియమను పేరు క్రింద “రాణి మంగమ్మ నగరు” అని తమిళమునను ఇంగ్లీషునను చేర్చ వేడితిని.

మన సంఘములో ఒక మిత్రుడు, “తెలుగులో కూడా అడగలేదేమండీ?” అని నిష్ఠూరమాడెను. “అడగవచ్చు. మన పిల్లలలో చదవగలవారు ఎందరండీ?” అంటిని. ఆయన మాటాడలేదు. ఆ మాట నన్నే పొడిచినది. మా యింట తెలుగు మాటాడుదుము కాని, నా మనుమడు తమిళమున వ్రాయును, ఇంగ్లీషున చదువును.

రెండవ అర్జీకి జవాబు ఇంకను రాలేదు. వేచియుండుట నాకు అలవాటే. అంతవరకు ఆదివారములలో మనుమనికి ఫోనులోనే అక్షరములు చెప్పుచున్నాను. మొన్న వాడు ఒక అట్టముక్కపై “మంగమ్మ” అని తానే వ్రాసి, ప్రక్కన బాణము గీచి పంపెను. సున్న కొంచెము పెద్దదైనది. దానిని మా వసారా గోడకు, బాణము తముక్కము దిక్కునకు తిరుగునట్లు, మేకు కొట్టి తగిలించితిని. దీనికి ఎవరి అనుమతియు అక్కరలేకపోయెను.