తేజాబ్, సిర్కా

మా ఇంట్లో సిర్కా అంటే దస్తర్‌ఖాన్ మీది చీజ్. ఈద్ రోజు కబాబ్ పక్కన సిర్కాలో నానేసిన ప్యాజ్ లేకపోతే అబ్బా ముద్ద ఎత్తేవాడు కాదు.

అబ్బా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో హెల్పర్. ఉప్పల్ నుంచి సైకిల్ మీద పోయేవాడు. రాత్రి ఇంటికొస్తే కమీజ్ నిండా అదే వాసన. “సిర్కా కాదు బేటీ, సిర్కే కా బాప్, తేజాబ్” అని నవ్వేవాడు. ఎసిటిక్ యాసిడ్. మన సిర్కాలో అది నూటికి నాలుగైదు పాళ్ళే. ఫ్యాక్టరీ క్యాన్లలోది దాదాపు నూరు పాళ్ళు. 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది. చలికాలం పొద్దున్నే క్యాన్లలో బరఫ్‌లా బిగుసుకుపోయేదట. ఆస్పిరిన్, పారాసిటమాల్ గోళీల తయారీకి దాని నుంచి వచ్చే మందే కావాలి.

ఒకసారి క్యాన్ ఒంచుతుంటే చేతి మీద ఒలికింది. మొదట మంట తెలియలేదు, నల్లా కింద పెట్టకుండా పని కానిచ్చాడు. సాయంత్రానికి బొబ్బలు. ఆ దాగ్ ఆఖరుదాకా పోలేదు.

మా ఖాలా కూడా ఉప్పల్‌లోనే ఉండేది. నెలసరి ఆగిపోయిన ఎన్నాళ్ళకో మళ్ళీ ఖూన్ కనపడింది. షరమ్‌తో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళకు దవాఖానాకు తీసుకెళ్తే, గర్భాశయ ముఖద్వారానికి కేన్సర్, ముదిరిపోయింది అన్నారు. ఆరు నెలలకే ఇంతెఖాల్.

మొన్న నేనూ ఆ జాంచ్ చేయించుకున్నా. నర్సమ్మ సీసా మూత తీయగానే అబ్బా కమీజ్ వాసన! అదే యాసిడ్, నీళ్ళలో కలిపి 5 శాతం చేసింది. ముఖద్వారానికి దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. కణాల్లో తేడా ఉంటే ఆ చోటు తెల్లబడుతుంది. తెల్లబడితే కేన్సరే అని కాదు, ఇంకో జాంచ్ కావాలని. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ డాక్టర్లు 1998లో మొదలుపెట్టి, దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండేళ్ళకోసారి ఈ జాంచ్. చేసింది పదో తరగతి చదివి తర్ఫీదు తీసుకున్న ఆడవాళ్ళే. ఆ జట్టులో ఈ కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో చెప్పారు.

నలభై ఏళ్ళప్పుడే ఖాలాకు ఈ ఒక్క నిమిషం దొరికి ఉంటే? బల్ల మీద పడుకుని అదే సోచాయించా. నాకు తెల్లబడలేదు, అల్‌హందులిల్లాహ్.

ముప్పై దాటిన ఆడవాళ్ళకు ఐదేళ్ళకోసారి ఈ జాంచ్ చేయాలని సర్కారు కూడా చెప్పింది. భాభీకి ముప్పై ఎనిమిది. చెప్తే “ఛీ, షరమ్ లేదా నీకు” అంది. “ఖాలాని తీసుకుపోయింది ఆ షరమే కదా భాభీ” అన్నా. జవాబివ్వలేదు. సనీచర్ పొద్దున వాళ్ళ గల్లీకి ఆటో తీసుకుని పోతా.