మిరపకోతలు, మట్టల ఆదివారం, మధ్యలో కృప

2026 ఫిబ్రవరి మూడో వారం మా వీధి టిఫిన్ బళ్ళకి బొత్తిగా కలిసిరాలేదు. 15న మహాశివరాత్రి, 18న బూడిద బుధవారం, అదే వారంలో రోజాలు మొదలు. సగం ఇళ్ళు ఉపవాసంలో ఉంటే మిగతా సగం ఉపవాసానికి సిద్ధమవుతున్నాయి. "దేవుళ్ళందరూ ముందే మాట్లాడుకున్నారంటారా అండీ?" అన్నాడు అట్ల బండాయన పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ. మాట్లాడుకున్నట్టే ఉంది. ముగ్గురి పంచాంగమూ చంద్రుడి చేతిలోదే కదా. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. రంజాన్‌కి నెలవంక కనపడాలి. ఈస్టరేమో మార్చి 21 మొదలు వచ్చే తొలి పున్నమి దాటాక పడే ఆదివారం, ఈసారి ఏప్రిల్ 5. అక్కణ్ణించి 46 రోజులు వెనక్కి వస్తే బూడిద బుధవారం దొరుకుతుంది. ఆదివారాలు ఉపవాసంలోకి రావు కనక నలభై రోజులంటారు.

ఈ నలభై రోజులూ అందరివీ కావు. కథోలికులది తపస్సు కాలం. లూథరన్లూ సీఎస్సై వాళ్ళూ శ్రమదినాలంటారు, పెద్దవాళ్ళు 'లెంటు' అనేస్తారు. బ్రదరన్ వాళ్ళని అడిగితే లెంటు బైబిల్లో ఎక్కడుందో చూపించమంటారు. వాళ్ళన్నదీ నిజమే, లేదు. యేసు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్నాడన్న సంగతి ఉంది, మిగతాదంతా సంఘం చేసుకున్న ఏర్పాటు. బుధవారంనాడు నుదుట పెట్టే బూడిద మాత్రం నాకు నచ్చుతుంది. పోయినేడు మట్టల ఆదివారం ఊరేగింపులో ఊపిన మట్టలే ఎండి, కాలి, ఈ ఏడు నుదుటి మీదికొస్తాయి. జేజేలు కొట్టిన చేతుల్లోవి అవే మరి.

లెంటు వస్తే ఊళ్ళో మారేవి కొన్నుంటాయి. పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, అందుకే ఫిబ్రవరి మొదటి పక్షంలో షామియానాలు దొరకవు. పూలు పెట్టుకోని ఆడవాళ్ళుంటారు, నీచు ముట్టని మగవాళ్ళుంటారు. పిడికెడు బియ్యం డబ్బా మళ్ళీ పొయ్యి గట్టు మీదికొస్తుంది. వంటకి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి అందులో వేస్తే, ఆదివారానికి గుడికి చేరుతుంది. సాయంత్రాలు గృహ ప్రార్థనలు. ఈ రోజు వాళ్ళింట్లో సమోసా పెట్టారని రేపు వీళ్ళింట్లో మిర్చిబజ్జీ, ఎల్లుండి ఇంకోళ్ళింట్లో రెండూను. ఉపవాస దినాల్లో ఇంత తిండి ఎక్కణ్ణించి వస్తుందో నాకెప్పుడూ అంతుపట్టదు.

ఇక పలకరింపులు. "ఈసారి ఏం మానేశారు?" అని ఒకరినొకరు అడగడం. ఒకాయన కాఫీ మానేశాడు, ఆయన చిరాకంతా ఇంట్లోవాళ్ళు అనుభవిస్తున్నారు. ఇంటరు చదివే పిల్లాడు ఫోన్లో రీల్స్ మానేస్తానని ప్రకటించి, ఆ ప్రకటననే స్టేటస్‌గా పెట్టి, ఎంతమంది చూశారో గంటగంటకీ చూసుకున్నాడు. ఎన్ని పూటలు మానాం, ఎన్ని అధ్యాయాలు చదివాం, కవర్లో ఎంత పెట్టాం అని లెక్కలు చెప్పుకుంటూనే నలభై రోజులూ గడిచిపోతాయి.

ఇదే రోజుల్లో పల్నాటి వైపు మిరపకోతలు. ఆదోని, కోసిగి దిక్కు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మూటాముల్లెతో దిగుతాయి. పొద్దుగూకేదాకా వంగి కోసి, మండే చేతులకి నూనె రాసుకుని, అన్నం వండుకుని ప్రార్థనకి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. అందుకని కోతల ఊళ్ళలో కూటం టైము ముఠా మేస్త్రి చెప్పినట్టే. అలాంటి ఊళ్ళోనే ఒక పాస్టరమ్మగారు మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ ఎత్తుకున్నారు. యజమాని పొద్దున్నే కొందరు కూలీల్ని పిలుస్తాడు, రోజుకింత అని మాట్లాడుకుంటాడు. తర్వాత ఇంకొందరు, మధ్యాహ్నం కొందరు, పొద్దు వాలాక కొందరు. చివర పిలిచినవాళ్ళు చేసింది గంట పని. చీకటి పడ్డాక డబ్బు లెక్కపెడితే అందరికీ అదే దినకూలి. పొద్దుట్నుంచీ ఎండలో మాడినవాళ్ళు సణుక్కున్నారు. యజమాని వాళ్ళకి అన్యాయం చెయ్యలేదు, మాట్లాడుకున్నంతా ఇచ్చాడు. నా సొమ్ము, నా ఇష్టం అన్నాడు.

మేస్త్రి ఊరుకుంటాడా! "అమ్మగారూ, ఆ ఆసామి మర్నాడు తోటకి కూలీల్ని ఎట్టా తెచ్చుకున్నాడో గూడా రాసుందా? నేనైతే సాయంత్రం అయిదింటికే పోతా" అన్నాడు. అందరూ నవ్వారు. కిలోల లెక్కన కోసేవాళ్ళకి ఆ మాట చురుక్కున తగులుతుంది. ఎంత కోస్తే అంత. గంట కోసినామెకీ పూట కోసినామెకీ ఒకే డబ్బంటే ముఠా నిలవదు.

వెనక వరసలోంచి ఒక పెద్దామె అందుకుంది. "నువ్వు పొద్దున్నే ట్రాక్టరెక్కినోడివిరా అబ్బాయ్, అడ్డా మీద మిగిలిపోయినోడి బాధ నీకేం తెలుసు? నడుము వంగనోళ్ళనీ ముసలోళ్ళనీ ఏ మేస్త్రీ ఎక్కించుకోడు. మజ్జానం దాకా నిలబడితే ఇంటికి పోబుద్ధి గాదు, పోతే పిల్లలు చేతులకేసి చూస్తారు. కోతకన్నా ఆ నిలబట్టమే కష్టం." కథలో ఉన్నదీ అదే. పొద్దస్తమానం ఊరికే ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదనే వాళ్ళ జవాబు. కథలో దినకూలి ఒక దేనారం, ఆ కాలంలో అదంటే ఒక కుటుంబం ఆ రోజు గడవడానికి సరిపడే డబ్బు. పని చేసింది గంటే అయినా ఇంట్లో ఆకలి రోజంతటిదీ. నేను విన్న లెంటు ప్రసంగాల్లో కృప గురించి ఇంత సూటిగా ఆ పెద్దామె తప్ప ఎవరూ చెప్పలేదు. మేస్త్రి మాత్రం ఒప్పుకోలేదు లెండి, తల గోక్కుని కూర్చున్నాడు.

ఆకలి మాటొస్తే ఒంగోలు సంగతి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా నడిచిన మహా కరువులో అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు, కుర్రతనంలో సర్వేయరు పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు, బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మట్టి మోసే చోటే వాక్యమూ వినిపించింది. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే, కరువు నడిచినన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. కూలి డబ్బుల కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయం పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మమైంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు.

క్లౌ జాగ్రత్త నాకు అర్థమవుతుంది, గౌరవమూ ఉంది. అయినా అన్నం కోసమే వస్తే మాత్రం ఏమయ్యిందట అని ఒక మూల అనిపిస్తూనే ఉంటుంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు ఎందుకు తిరిగొచ్చాడు? నాన్న మీద బెంగతో కాదు, పందుల మేత కూడా దొరక్క. మా నాన్న దగ్గర పాలేళ్ళే కడుపునిండా తింటున్నారన్న లెక్కతో బయల్దేరాడు, దారిలో చెప్పుకోవాల్సిన క్షమాపణ కూడా తయారు చేసుకున్నాడు. నాన్న ఆ మాటలు పూర్తి కానివ్వలేదు. ఎందుకొచ్చావని అడగనూ లేదు. ఆ ఇంట్లో లెక్క అడిగినవాడు పెద్ద కొడుకొక్కడే: ఇన్నేళ్ళు చాకిరీ చేశాను, నాకొక మేకపిల్లయినా ఇచ్చావా అని. వాడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు. సంఘ పెద్దలం చాలామందిమి ఇప్పటికీ ఆ గుమ్మం బయటే ఉన్నామని నా అనుమానం.

సరే, మిగతా కబుర్లు. మట్టల ఆదివారం మార్చి 29. ఖర్జూర మట్టలు మనకెక్కడివి, తాటాకో ఈతాకో తెస్తారు. పిల్లలు గుడి దాటకముందే వాటితో కత్తియుద్ధం మొదలెడతారు. ఈ వారాల్లో పాత కీర్తనల పుస్తకం మళ్ళీ బయటికొస్తుంది. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) శ్రమ కీర్తనలు హార్మోనియం మీద పాడే ముసలివాళ్ళు కొందరు మిగిలారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, కీబోర్డు కుర్రాళ్ళు ఆ రెండు మాటల్నీ వదిలేసి పల్లవి మొదలుపెడతారు. చదువుకునేవాళ్ళకి జాషువా 'క్రీస్తు చరిత్ర' చెబుతాను, 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన కావ్యం. మెదక్ వెళ్ళేవాళ్ళకి ఒక ముక్క: 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద గుడి పని కూడా కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకి కూలీ, తిండీ అయింది. కిటికీ అద్దాల బొమ్మలు చూడాలంటే పగటి వెలుగులోనే వెళ్ళండి.

గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువలో ఏడు మాటలు, మాటకొక ప్రసంగీకుడు. మొదటి మాట చెప్పేవారు ముప్పావుగంట లాగిస్తారు, రెండోవారు అంతకు తగ్గరు. ఆరో మాట, ఏడో మాట పడ్డవాళ్ళకి తలా అయిదు నిమిషాలు మిగులుతాయి. పాపం వాళ్ళే బాగా చెబుతారు, సాగదియ్యడానికి వ్యవధి ఉండదు కదా. మొదటి మాట వచ్చినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే గోడ గడియారం ఎదురుగా కూర్చోవాలని మనవి.

ఈస్టర్‌కి సమాధుల తోటలో పని శనివారానికే అయిపోవాలి: గడ్డి పీకడం, సున్నం కొట్టడం, చెరిగిన పేర్లకి రంగు. ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు, పూలు, సూర్యోదయ ఆరాధన. ఎండాకాలం కనక మంచినీళ్ళు తీసుకెళ్ళండి, పాస్టరుగారు సూర్యుడితో పాటు ముగించరు.

కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన మన కడప, గోదావరి ఆడవాళ్ళ లెక్క వేరు. అక్కడ సెలవు శుక్రవారం, తెలుగు ఆరాధనలూ ఎక్కువగా ఆ రోజే. సెలవిచ్చే ఇంట్లో పని దొరికినామె గుడ్ ఫ్రైడే రోజంతా నిశ్చింతగా గుడిలో ఉంటుంది. ఈస్టర్ ఆదివారంనాడు మాత్రం వంటింట్లో గిన్నెలు తోమాలి. శనివారం రాత్రే కానిచ్చుకునే వాళ్ళు కొందరు. మిగతావాళ్ళు తర్వాతి శుక్రవారం పునరుత్థాన పాటలు పాడుకుంటారు, మనకంటే అయిదు రోజులు ఆలస్యంగా.